బాలబాలికలకు ఉచిత వైద్యం: కార్డులో పేరు నమోదు ఆవశ్యకత

పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న పేద బిడ్డకు ప్రభుత్వ ఖర్చుతో శస్త్రచికిత్స చేయించే ఏర్పాటు తెలుగునాట 2007 నుంచి ఉన్నది. అయితే అది సకాలంలో అందాలంటే ముందుగా రెండు పనులు జరగాలి. లోపాన్ని ఎవరో ఒకరు గుర్తించాలి. బిడ్డ పేరు కుటుంబ కార్డులో ఉండాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమైనది. అంతకుపూర్వం పేద కుటుంబాలు పెద్ద ఆపరేషన్ల ఖర్చు నిమిత్తం ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకుని ఎదురుచూడవలసి వచ్చేది. తెల్లకార్డు గల కుటుంబానికి ఏడాదికి 1.5 లక్షల రూపాయలు, అవసరమైనచో అదనంగా 50 వేల రూపాయల మేరకు చికిత్సకు ఈ పథకం వీలు కల్పించినది. కుటుంబం ప్రీమియం చెల్లించనవసరం లేదు. 2008లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో 30 రూపాయల నమోదు రుసుముతో 30 వేల రూపాయల రక్షణ లభించేది. కాని ఒక కుటుంబంలో ఐదుగురికి మాత్రమే. ఆరుగురున్న ఇంట ఎవరి పేరు వదలాలో కుటుంబమే తేల్చుకోవాలి. పెద్ద కుటుంబాలలోని చిన్నపిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు ఇది మేలు చేసే నిబంధన కాదు. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబ సభ్యుల సంఖ్యపై పరిమితి లేదు.

లోపాన్ని గుర్తించే బాధ్యతను 2013లో దేశవ్యాప్తంగా మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం స్వీకరించినది. పుట్టిన నాటినుంచి 18 ఏళ్ల వరకు పిల్లలు దీని పరిధిలోకి వస్తారు. ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్ఎం గల సంచార బృందం అంగన్‌వాడీ కేంద్రాలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలను ఒకసారి సందర్శించాలన్నది నిబంధన. ఇంటివద్ద ఆరు వారాలలోపు శిశువులను ఆశా కార్యకర్త పరిశీలిస్తారు. అనుమానం కలిగిన బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు.

వెయ్యి మంది శిశువులలో సుమారు 8 మందికి పుట్టుకతో ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. పాలు తాగుతూ అలసిపోవడం, నుదుట చెమట పట్టడం, పెదవులు నీలిరంగుకు మారడం, తరచు నిమోనియా రావడం దీని సూచనలు. కొన్ని పెద్ద రంధ్రాలను ఏళ్ల తరబడి వదిలివేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు శాశ్వతంగా దెబ్బతిని, చివరకు శస్త్రచికిత్సకే వీలులేని స్థితి ఏర్పడుతుంది. వినికిడి లోపం విషయంలోనూ వయస్సే కీలకం. మాటలు నేర్చే ఈడు దాటిన తరువాత కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చినా ఆశించిన ఫలితం రాదు.

బృందం వచ్చిన రోజున బడిలో లేని పిల్లల మాట ఏమిటన్నది క్షేత్రస్థాయి సిబ్బంది ముందున్న అసలు చిక్కు. ఇటుక బట్టీలకు తల్లిదండ్రులతో వలసపోయిన చిన్నారులు, పదో తరగతితో చదువు మాని పనులలో చేరిన యువకులు, దూరపు తండాలలోని పిల్లలు జాబితాలకు ఎక్కడం కష్టం. స్వయం సహాయక సంఘాల సమావేశాలలో, టీకాల రోజున ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఈ కుటుంబాలను విచారించడం ఉపయోగకరం. గోడపత్రిక కంటె ఇంటిగుమ్మంలో అడిగిన ప్రశ్నకే సమాధానం త్వరగా వస్తుంది.

కార్డు జారీ అయిన తరువాత పుట్టిన పిల్లల పేర్లు వాటంతట అవి చేరవు. జననాన్ని 21 రోజులలోపు ఉచితంగా నమోదు చేయించి ధ్రువపత్రం పొందాలి. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండానే ఆధార్ ఇస్తారు. వీటితో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలోను, తెలంగాణలో మీసేవ కేంద్రంలోను కార్డులో పేరు చేర్చవలసినదిగా దరఖాస్తు చేసుకోవాలి. ఐదవ ఏట, పదిహేనవ ఏట ఆధార్‌లో వేలిముద్రలు నవీకరించుకోవలసి ఉంటుంది. పథకానికి సంబంధించిన సందేహాలకు 104 నంబరుకు ఫోన్ చేయవచ్చును.