వ్యాసరచన

ఒక విషయాన్ని గురించి తెలిసిన సంగతులను, రచయిత అభిప్రాయాన్ని ఒక క్రమంలో కూర్చి గద్యంలో చెప్పడాన్ని '''వ్యాసరచన''' అంటారు. వ్యాసం అనే సంస్కృత పదానికి విస్తరించి చెప్పడం అని అర్థం. తెలుగునాట పాఠశాల తరగతుల నుండి గ్రూప్-1, సివిల్ సర్వీసుల వరకు అనేక పరీక్షలలో వ్యాసం ఒక భాగంగా ఉన్నది.

== తెలుగులో వ్యాసం ==
1862లో ముద్రితమైన సామినేని ముద్దునరసింహం నాయుడు రచన ''హితసూచని''ని తెలుగులో తొలి వ్యాస సంపుటిగా పలువురు పరిగణిస్తారు. అందులోని రచనలను ఆయన ప్రమేయాలు అన్నాడు. వ్యాసం అనే పేరు తరువాత స్థిరపడింది. కందుకూరి వీరేశలింగం సంఘ సంస్కరణకు వ్యాసాన్ని సాధనంగా వాడుకున్నాడు. పానుగంటి లక్ష్మీనరసింహారావు ''సాక్షి'' వ్యాసాలు 1913లో మొదలయ్యాయి. ఇంగ్లండులో అడిసన్, స్టీల్ నడిపిన ''స్పెక్టేటర్'' వీటికి ప్రేరణ.

తెలంగాణలో 1926లో ప్రారంభమైన ''గోలకొండ పత్రిక'' ద్వారా సురవరం ప్రతాపరెడ్డి ఎన్నో వ్యాసాలు వ్రాశాడు. తెలంగాణలో కవులు లేరన్న మాట వచ్చినపుడు ఆయన 354 మంది కవుల రచనలతో 1934లో ''గోలకొండ కవుల సంచిక''ను వెలువరించాడు. అది వ్యాసం కాకపోయినా, ఒక వాదానికి ఆధారం ఎలా చూపాలో తెలుసుకోవడానికి దీనికంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

== ప్రణాళిక ==
వ్యాసానికి ఉపోద్ఘాతం, విషయ విస్తరణ, ముగింపు అని మూడు భాగాలు ఉంటాయని పాఠశాలలో చెబుతారు. ఈ విభజన సరైనదే కాని, ఏమి వ్రాయాలో అది చెప్పదు. ముందుగా ఇచ్చిన అంశాన్ని ఒక ప్రశ్నగా మార్చుకోవాలి. ఆ ప్రశ్నకు తన జవాబును ఒక్క వాక్యంలో చిత్తుగా వ్రాసుకోవాలి. జవాబు వాక్యం దొరకకపోతే వ్యాసం మొదలు పెట్టడం తొందరపాటే అవుతుంది.

మేడ్చల్ మండలంలోని రావల్‌కోల్ గ్రామంలో ఒక విద్యార్థికి "నగరీకరణ" అనే అంశం ఇచ్చారనుకుందాం. గైడులో కంఠస్థం చేసిన వ్యాసం "నేటి ఆధునిక యుగంలో" అని మొదలవుతుంది. అది ఏ ఊరికైనా సరిపోతుంది కాబట్టి ఏ ఊరి గురించీ ఏమీ చెప్పదు. ఆ విద్యార్థి దగ్గర అంతకంటే మంచి సరుకు ఉన్నది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపొందాయి. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి వచ్చింది. 2016లో ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లా నుండి విడిపోయి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో చేరింది. ఇక ఇంట్లో పెద్దలను అడగవలసినవి కొన్ని ఉన్నాయి: ఇరవై ఏళ్ళ క్రితం ఏ పంటలు వేసేవారు, బోరు ఎన్ని అడుగులకు నీరు పడేది, భూమి అమ్మినవారు ఇపుడు ఏ పని చేస్తున్నారు. "పొలం అమ్మినవారికి డబ్బు వచ్చింది, అదే పొలంలో కూలి చేసినవారికి ఏమి మిగిలింది?" అన్న ప్రశ్న ఈ వివరాల నుండే పుడుతుంది. వ్యాసమంతా దానికి జవాబుగా నడపవచ్చు.

== రచన ==
ఒక్కో పేరాలో ఒక్క సంగతినే చెప్పాలి. చెప్పిన ప్రతి మాటకు వెంటనే ఉదాహరణ గాని, అంకె గాని చూపాలి. ఎదుటి పక్షం వాదాన్ని దాచకూడదు. పై ఉదాహరణలో రహదారి వలన వచ్చిన ఉపాధిని కూడా చెప్పి, తరువాత తన మాట చెప్పడం న్యాయం. సామెతలు, సూక్తులు ఒకటి రెండు చాలు. గుర్తులేని సూక్తిని ఏ మహానుభావునికో అంటగట్టడం చాలా చోట్ల కనిపించే దోషం. ఉపోద్ఘాతాన్ని చివరగా వ్రాసుకోవడం కొందరికి సులువుగా ఉంటుంది, అయితే జవాబు పత్రంలో అందుకు వీలుండదు.

== పరీక్షలలో ==
తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరుకు 150 మార్కులు, వ్యవధి మూడు గంటలు. మూడు విభాగాల నుండి ఒక్కొక్క వ్యాసం వ్రాయాలి, ఒక్కొక్కదానికి 50 మార్కులు. అంటే వ్యాసానికి ఒక గంట. అందులో పది నిమిషాలు ప్రణాళికకు, చివరి ఐదు నిమిషాలు అచ్చుతప్పులు, వదిలిన వత్తులు సరిచూసుకోవడానికి ఉంచుకుంటే వ్రాతకు నలభై ఐదు నిమిషాలు మిగులుతాయి. సివిల్ సర్వీసుల మెయిన్స్‌లో వ్యాసానికి 250 మార్కులు; దీనిని తెలుగులో కూడా వ్రాయవచ్చు.