ట్రాఫిక్ గ్రూమింగ్

ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌లో తక్కువ వేగపు సర్క్యూట్లను ఎక్కువ డేటా మోసే కాంతి తరంగాల్లోకి సర్ది, పరికరాల ఖర్చు తగ్గేలా దారులు నిర్ణయించే పద్ధతి. ఒక్కో కాలంలో ఏది ఖరీదైతే దాన్ని పొదుపు చేయడమే దీని చరిత్ర.

1980లలో ఒక ఫైబర్‌లో ఒకే తరంగం వెళ్లేది. 1988లో అట్లాంటిక్ అడుగున వేసిన తొలి ఫైబర్ కేబుల్ టాట్-8లో ఒక్కో ఫైబర్ జత సెకనుకు 280 మెగాబిట్లు మోసేది. కాంతి బలహీనపడిన ప్రతిచోటా దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి, మళ్లీ కాంతిగా పంపేవారు. 1987లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో ఇమాన్యుయెల్ డెసుర్వైర్ బృందం ఎర్బియం యాంప్లిఫయర్‌ను రూపొందించాయి. ఇది కాంతిని విద్యుత్‌గా మార్చకుండానే 1550 నానోమీటర్ల చుట్టుపక్కల తరంగాలన్నిటికీ ఒకేసారి బలమిస్తుంది. 1990ల నడుమ వేర్వేరు తరంగాలను కలిపి పంపే డబ్ల్యూడీఎం పద్ధతి వ్యాపారంలోకి వచ్చి, ఒక ఫైబర్‌లో అనేక తరంగాలు నడవడం సాధ్యమైంది.

పరిశోధకులు మొదట తరంగాలను లెక్కపెట్టారు. మధ్యలో తరంగాన్ని మార్చే ఏర్పాటు లేకపోతే కాంతి మార్గం మొదటినుంచి చివరిదాకా ఒకే తరంగంలో సాగాలి. ఒకే ఫైబర్‌లో రెండు మార్గాలు ఒకే తరంగాన్ని వాడకూడదు. 1992లో ఇమ్రిక్ క్లామ్‌టాక్, ఆరా గాంజ్, గాడీ కర్మీ, 1995లో రాజీవ్ రామస్వామి, కుమార్ శివరాజన్ ఈ నియమాల కింద తరంగాలను కేటాయించే సమస్యపై పునాది పత్రాలు రాశారు.

అయితే బిల్లు పెరుగుతున్నది తరంగాల వల్ల కాదు, వాటి కొసల్లో ఉన్న ఎలక్ట్రానిక్స్ వల్ల. సోనెట్ అనే టెలికాం ప్రమాణంతో నడిచే రింగ్‌లో ఒక స్టేషన్ ఏదైనా తరంగం నుంచి ట్రాఫిక్ దించుకోవాలన్నా, ఎక్కించాలన్నా ఆ తరంగానికి ఏడీఎం అనే పరికరం ఒకటి పెట్టాలి. తరంగం కాంతిగానే దాటిపోతే అది అక్కర్లేదు. బైపాస్ మీదుగా పోయే లారీకి ఆ ఊళ్లో గిడ్డంగి ఎందుకు? 1998లో ఓరి గెర్స్టెల్, రామస్వామి, గేలెన్ ససాకీ డబ్ల్యూడీఎం రింగ్‌లలో చవకగా గ్రూమింగ్ చేయడంపై పత్రం సమర్పించారు. అసలు మలుపు అదే అనిపిస్తుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒకే దిశలో తిరిగే రింగ్‌లో క, ఖ, గ, ఘ అనే నాలుగు స్టేషన్లు ఉన్నాయి. ప్రతి జంట మధ్య 8 సర్క్యూట్లు కావాలి. ఒక తరంగంలో 16 పడతాయి. జంటలు ఆరు, తరంగానికి రెండు చొప్పున మూడు తరంగాలు చాలు. మొదటి తరంగంలో కఖ, గఘ, రెండో దాంట్లో కగ, ఖఘ, మూడో దాంట్లో కఘ, ఖగ పెడితే ప్రతి తరంగం నాలుగు స్టేషన్లలోనూ దిగుతుంది. 12 ఏడీఎంలు కావాలి. కఖతో కగ, ఖగతో ఖఘ, కఘతో గఘ కలిపితే ప్రతి తరంగం మూడు స్టేషన్లలోనే దిగుతుంది, 9 సరిపోతాయి. ఫైబరూ అదే, ట్రాఫిక్కూ అదే, నాలుగో వంతు పెట్టెలు మిగిలాయి.

నెట్‌వర్క్ పెద్దదయ్యేకొద్దీ ఇలా చేత్తో తేల్చలేం. సాధారణ రూపంలో సమస్య ఎన్‌పీ-కంప్లీట్, అంటే కచ్చితమైన జవాబును వేగంగా తేల్చే పద్ధతి తెలియనిది, అని ఎయిటన్ మోడియానో, ఏంజెలా చియూ 2000లో చూపించారు. పైగా ఏడీఎంలు కనిష్ఠమైన చోట తరంగాలు కూడా కనిష్ఠమవుతాయన్న హామీ లేదు. 2002లో కెయావో జూ, బిశ్వనాథ్ ముఖర్జీ దీన్ని రింగ్‌ల నుంచి, స్టేషన్లు వలలా కలిసే మెష్ నెట్‌వర్క్‌లకు విస్తరించారు.

తర్వాతి కాలంలో సోనెట్ వెనకబడింది. రూటర్ల పోర్టులు, వాటి సంకేతాన్ని తరంగంపైకి ఎక్కించే ట్రాన్స్‌పాండర్లు ప్రధాన ఖర్చయ్యాయి. కాబట్టి ఉన్న లింకులను నిండుగా వాడడమే పొదుపైంది. డేటా సెంటర్ల మధ్య తమ బీ4 నెట్‌వర్క్‌లో దారులను కేంద్రీకృత సాఫ్ట్‌వేర్‌తో నిర్ణయించి, కొన్ని లింకులను దాదాపు పూర్తి సామర్థ్యంతో నడుపుతున్నామని గూగుల్ ఇంజనీర్లు 2013లో వివరించారు. మామూలుగా అలాంటి లింకులు సగం కూడా నిండవు.

అంతకుముందే జపాన్‌లో మసాహికో జిన్నో బృందం, అవసరానికి తగ్గట్టు స్పెక్ట్రమ్‌ను చిన్న ముక్కలుగా కేటాయించే పద్ధతిని ప్రతిపాదించింది. ఇప్పుడు ఆ ముక్క వెడల్పు 12.5 గిగాహెర్ట్జ్. ఇందులో చిక్కు వేరు: ఒక మార్గానికి కావలసిన ముక్కలు పక్కపక్కనే ఉండాలి. పాత మార్గాలు తొలగి కొత్తవి చేరుతుంటే ఖాళీలు చెల్లాచెదురవుతాయి. మొత్తం కూడితే చోటున్నా కొత్త మార్గం పట్టదు. నడుస్తున్న ట్రాఫిక్ ఆగకుండా ఈ ఖాళీలను ఒకచోటికి జరపడం మీద పరిశోధన సాగుతోంది.