చీకటి గదిలో మనస్సు: సినిమా ప్రేక్షకుని గూర్చిన రెండు భావనల చరిత్ర

సినిమా ప్రేక్షకుడు తెరకు లొంగిపోయేవాడా, లేక తెరపై కనిపించే దానికి తన మనస్సుతో అర్థాన్ని కల్పించుకొనేవాడా అనే ప్రశ్న సినిమా అంత పాతది. ఇది తత్త్వచర్చకే పరిమితం కాలేదు. ఎవరు ఏ చిత్రం చూడవచ్చునో నిర్ణయించే చట్టాల వెనుక కూడ ఈ ప్రశ్నకు ఏదో ఒక సమాధానం ఉన్నది.

1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కేఫ్‌లో లూమియేర్ సోదరులు రుసుము తీసుకొని తమ చిత్రాలను ప్రదర్శించారు. మరుసటి ఏడు చూపిన రైలు చిత్రానికి బెదిరి జనం పరుగులు తీశారనే కథ ప్రసిద్ధం. టామ్ గన్నింగ్ వంటి చరిత్రకారులు దీనిని ప్రశ్నించారు. తొలి ప్రదర్శనలలో మొదట నిశ్చలంగా ఉన్న బొమ్మ చూస్తుండగానే కదిలేది. అది బొమ్మ అని ఎరిగి ఉండీ కదలినందుకే ప్రేక్షకులు విస్తుపోయారని గన్నింగ్ వివరణ. అయినా బెదిరిన జనం కథ నిలిచిపోయింది. ప్రేక్షకుడు అమాయకుడనే భావనకు అది అనుకూలమైన నిదర్శనం కావడమే అందుకు కారణం కావచ్చును.

మనోవిజ్ఞానం ఇందుకు భిన్నమైన దారి చూపింది. వస్తువులో లేని చలనాన్ని మనస్సు ఎట్లు గ్రహించగలదో మాక్స్ వెర్‌థైమర్ 1912లో ప్రయోగపూర్వకంగా వివరించాడు. హార్వర్డ్ ఆచార్యుడు హ్యూగో మున్‌స్టర్‌బెర్గ్ 1916లో వెలువరించిన ‘ది ఫోటోప్లే’ గ్రంథంలో ఈ ఆలోచనను సినిమాకు విస్తరించాడు. ఆయన దృష్టిలో క్లోజప్ మన అవధానానికి, గతాన్ని చూపే దృశ్యం మన స్మృతికి బాహ్యరూపాలు. అంటే సినిమా బాహ్యప్రపంచపు దేశకాల నియమాలను విడిచి మనోవ్యాపారాల నియమాలను అనుసరిస్తుంది. అయితే అంతగా మనస్సును పట్టుకొనే కళ నైతికంగా హాని కూడ చేయగలదని ఆయనే హెచ్చరించాడు. రెండు భావనలూ ఒకే గ్రంథంలో ఇమిడి ఉన్నాయి.

న్యాయస్థానాలు ఎక్కువగా ఆ హెచ్చరిక వైపే మొగ్గాయి. 1915లో మ్యూచువల్ ఫిల్మ్ కార్పొరేషన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు సినిమాను వ్యాపారంగా పరిగణించి, దానికి వాక్‌స్వాతంత్ర్య రక్షణను నిరాకరించింది. ఆ వైఖరి 1952 వరకు మారలేదు. భారతదేశంలో 1970 నాటి కె.ఎ. అబ్బాస్ కేసులో, ఇతర కళలకంటె సినిమా ఉద్వేగాలను గాఢంగా కదిలిస్తుందనే హేతువుతో ముందస్తు సెన్సారును సుప్రీంకోర్టు సమర్థించింది. 1989లో ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అనే తమిళ చిత్రంపై వచ్చిన రంగరాజన్ తీర్పు మరింత ఆసక్తికరమైనది. థియేటరులోని అరచీకటి, ఇతర ధ్యాసల తొలగింపు ప్రేక్షకుని మనస్సుపై బలమైన ప్రభావం చూపుతాయని అది అంగీకరించింది. కాని కొలమానం అతిసున్నిత మనస్కుడు కాదనీ, ఇంగితజ్ఞానం గల సామాన్యుడే కావాలనీ నిర్ణయించి, చిత్ర ప్రదర్శనకు అనుమతించింది. మున్‌స్టర్‌బెర్గ్ గ్రంథంలోవలెనే ఇక్కడ కూడ రెండు భావనలూ పక్కపక్కనే నిలిచాయి.

న్యాయస్థానం ప్రమాదహేతువుగా ఎంచిన ఈ ఏకాగ్రతను భారతీయ నాట్యశాస్త్ర సంప్రదాయం వేరుగా దర్శించింది. రసాస్వాదానికి గల విఘ్నాలను ‘అభినవభారతి’లో వివరించిన అభినవగుప్తుడు, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండడాన్ని వాటిలో ఒకటిగా చెప్పాడు. గీతవాద్యాలు, అలంకృతమైన మండపం ఆ విఘ్నాన్ని తొలగిస్తాయి. అప్పుడు సహృదయత లేనివాడు కూడ సహృదయుడు కాగలడు. ఇక్కడ ఇతర ధ్యాసల తొలగింపు ఆస్వాదనకు ద్వారం. నాటకాన్ని గూర్చిన సిద్ధాంతాన్ని సినిమాకు యథాతథంగా అన్వయించలేకపోయినా, తన్మయత వివేకాన్ని హరించి తీరుతుందనే ఊహ అనివార్యం కాదని అది గుర్తుచేస్తుంది.

కాబట్టి సెన్సారును గూర్చిన చర్చ చిత్రంలోని దృశ్యాలతో ముగియదు. ఆ దృశ్యాలను చూసేవాని వివేకంపై రాజ్యానికి ఎంత విశ్వాసం ఉన్నదనే ప్రశ్న కూడ అందులో అంతర్లీనంగా ఉంటుంది.