స్కార్లెట్ గ్లాసులో లేని చేదు

కాక్‌టెయిల్ అనగానే మనకి రంగురంగుల గ్లాసు, దాని అంచున నిమ్మచెక్క, పైన చిన్న కాగితపు గొడుగు గుర్తుకొస్తాయి. ఆ మాటకి అచ్చులో దొరికే తొలి నిర్వచనంలో మాత్రం గొడుగూ లేదు, రంగూ లేదు. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊరి పత్రికని ఒక పాఠకుడు, “అయ్యా, కాక్‌టెయిల్ అంటే ఏమిటి?” అని అడిగాడు. సంపాదకుడు ఇచ్చిన జవాబులో నాలుగే దినుసులున్నాయి: మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్. ఈ బిట్టర్స్ అనేది చెట్ల వేళ్లూ, బెరళ్లూ నానబెట్టి తీసిన చేదు కషాయం. మొదట్లో ఇది కడుపు బాధలకి వాడిన మందు. ఈనాటికీ బార్లలో కనిపించే అంగస్తురా బిట్టర్స్‌ని 1824లో వెనిజులాలో తయారు చేసినవాడు ఒక మిలటరీ డాక్టరు. మా వృత్తివాళ్లు ఎక్కడెక్కడ చేతులు పెట్టారో చూడండి!

అంటే, పుట్టుకతో కాక్‌టెయిల్‌లో తీపి ఎంత అవసరమో చేదూ అంతే అవసరం. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీనితో పని పడుతుంది.

పుస్తకాల్లోని నాయికల పేర్లు గ్లాసులకి పెట్టడం ఈ మధ్య వచ్చిన సరదా అనుకుంటాం. పుస్తకాల షాపుల్లో అలాంటి వంటకాల పుస్తకాలు కూడా అమ్ముతున్నారు. కానీ అలవాటు పాతదే. ఐరిష్ కవి థామస్ మూర్ 1817లో “లల్లా రూఖ్” అనే కావ్యం ప్రచురించాడు. అందులో నాయిక మన దేశపు పిల్ల. ఔరంగజేబు కూతురిగా కల్పించిన రాకుమారి. పెళ్లి కోసం ఢిల్లీ నుంచి కాశ్మీరుకి పల్లకీలో బయలుదేరి, దారిలో కథలు చెప్పే కవి మీద మనసు పడుతుంది. చివరికి ఆ కవే పెళ్లికొడుకని తేలుతుంది. మూర్ ఏనాడూ ఇండియాకి వచ్చినవాడు కాదు. అయినా పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ శతాబ్దం చివరికల్లా అమెరికా బార్ల పుస్తకాల్లో ఆ రాకుమారి పేరుతో ఒక పానీయం చేరింది. రమ్ము, బ్రాందీ, వెనిలా, మీగడ కలిపి చేసేవారు. అదే పేరున్న ఓడ ఒకటి 1873లో మన దేశపు కూలీల మొదటి జట్టుని దక్షిణ అమెరికాలోని సురినాముకి తీసుకుపోయింది. ఒకే పేరు ఒకరికి మీగడ గ్లాసు, ఇంకొకరికి కూలి ఒప్పందం. గ్లాసు పట్టుకున్నవాడికి రెండోది తెలిసే అవకాశం లేదు.

ఈ కోవలో అందరికన్నా ప్రసిద్ధి కెక్కిన నాయిక మా అట్లాంటా అమ్మాయి స్కార్లెట్ ఓహారా. మార్గరెట్ మిచెల్ నవల “గాన్ విత్ ద విండ్” 1936 జూన్‌లో వెలువడింది. ఆరు నెలలు తిరక్కుండా పది లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. 1937లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 1939 డిసెంబరు 15న సినిమా తొలి ప్రదర్శన అట్లాంటాలోనే జరిగింది. ఊరంతా మూడు రోజుల పాటు పండుగ. ఆ సినిమా వేడిలోనే “స్కార్లెట్ ఓహారా” అనే కాక్‌టెయిల్ ప్రచారంలోకి వచ్చింది. తయారీ చాలా సులువు. సదరన్ కంఫర్ట్, క్రాన్‌బెర్రీ రసం, కాస్త నిమ్మరసం.

ఈ మూడు దినుసుల వెనక కొంత లెక్క ఉంది. సదరన్ కంఫర్ట్ 1874లో న్యూ ఆర్లియన్స్ బార్‌లో హెరన్ అనే ఆయన విస్కీకి పళ్లు, మసాలాలు చేర్చి చేసిన తియ్యటి మద్యం. పేరులోనే దక్షిణాది ఉంది కనుక దక్షిణాది నాయికకి సరిపోయింది. క్రాన్‌బెర్రీ మసాచుసెట్స్ చిత్తడి నేలల్లో పండే పండు. దక్షిణాదికి దానితో ఏ సంబంధమూ లేదు. స్కార్లెట్ అంటే ఎరుపు, రసం ఎరుపు. అంతే చుట్టరికం! తమాషా ఏమిటంటే, మిచెల్ రాతప్రతిలో నాయిక పేరు పాన్సీ. అచ్చుకి పోయేముందు మార్చారు. మార్చకపోయి ఉంటే ఆ పువ్వు రంగుకి సరిపడేలా ఊదారంగు గ్లాసు తాగేవారేమో.

కాలం కూడా కలిసొచ్చింది. అమెరికాలో మద్యనిషేధం 1920 జనవరిలో మొదలై 1933 డిసెంబరులో ముగిసింది. మా జార్జియా రాష్ట్రమైతే ఇంకా ముందే, 1908 నుంచే నిషేధం పెట్టుకుంది. నిషేధానికి ముందు పరువుగల ఇంటి ఆడవాళ్లు సెలూన్ గడప తొక్కేవారు కాదు. నిషేధం రోజుల్లో దొంగచాటు బార్లలో ఆడా మగా కలిసి కూర్చోవడం అలవాటైంది. నాటు సరుకు ఘాటు కప్పడానికి పళ్లరసాలు, చక్కెర దండిగా పోయడమూ అలవాటైంది. నిషేధం పోయినా ఈ రెండు అలవాట్లూ ఉండిపోయాయి. అందమైన పేరు, ఎర్రటి రంగు, తియ్యటి రుచి ఉన్న గ్లాసుకి గిరాకీ ఉండటంలో వింత లేదు.

ఇంతకీ నవలలో స్కార్లెట్ తాగేది ఏమిటి? క్రాన్‌బెర్రీ రసం కాదు, బ్రాందీ. అదీ విందులో నలుగురి మధ్యా కాదు. యుద్ధంలో ఇల్లు చితికి, ఆకలి చూసి, బరువంతా నెత్తిన వేసుకున్న తర్వాత, తలుపు వేసుకుని ఒంటరిగా తాగుతుంది. రెండో భర్త ఫ్రాంక్ చనిపోయినప్పుడు, ఆ చావుకి తనే కారణమనే భయంతో తాగుతుంది. అంతలో రెట్ బట్లర్ వచ్చాడని తెలిసి, వాసన తెలియకుండా కొలోన్ సెంటుతో పుక్కిలించి మెట్లు దిగుతుంది. అతను క్షణంలో పసిగట్టేస్తాడు. ఒంటరిగా తాగడం మంచిది కాదని హెచ్చరిస్తాడు కూడా. రోగుల్ని చూసే డాక్టరుగా చెబుతున్నాను, ఇంత సరైన వర్ణన పాఠ్యపుస్తకాల్లో కూడా అరుదు. దుఃఖం, తప్పు చేశానన్న బాధ, ఏకాంతం, దాచిపెట్టడం అన్నీ అందులో ఉన్నాయి. స్కార్లెట్ తండ్రి జెరాల్డ్ కథ ఇంకా విషాదం. భార్య పోయి మతి చలించిన ఆ ముసలాయనకి రెండో కూతురు తన పని కోసం బ్రాందీ పట్టిస్తుంది. ఆ తర్వాత ఆయన గుర్రమెక్కి కంచె దూకబోయి చనిపోతాడు.

ఇదేదీ గ్లాసులోకి రాలేదు. ఇంకొకటి కూడా రాలేదు. స్కార్లెట్ ఇంటి వైభవమంతా బానిసల రెక్కల కష్టం మీద నిలబడింది. ఆ నవలా, సినిమా ఆ సంగతిని తీపి జ్ఞాపకంగా మార్చాయని నల్లజాతి రచయితలు, పత్రికలు మొదటి నుంచీ విమర్శిస్తూనే ఉన్నారు. సినిమాలో మామీ పాత్ర వేసిన హాటీ మెక్‌డానియల్‌కి అట్లాంటా ప్రదర్శనలో చోటు లేదు, అప్పటి జాతి విభజన కారణంగా. 1940లో ఆస్కార్ గెలుచుకున్న తొలి నల్లజాతి వ్యక్తి ఆమే. ఆ రాత్రి కూడా ఆమెను తోటి నటులకి దూరంగా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ప్రదర్శన సందర్భంగా జరిగిన విందులో ఎబనీజర్ చర్చి గాయకబృందం పాడింది. అందులో పదేళ్ల పిల్లవాడొకడున్నాడు. ఆ పిల్లవాడు మార్టిన్ లూథర్ కింగ్.

మార్గరెట్ మిచెల్‌ని ఒక్క మాటలో తీసిపారేయడమూ న్యాయం కాదు. 1940లలో ఆమె మోర్‌హౌస్ కాలేజీ అధ్యక్షుడు బెంజమిన్ మేస్ ద్వారా నల్లజాతి విద్యార్థుల వైద్య విద్యకి డబ్బు పంపింది. పేరు బయటికి రానివ్వలేదు. ఆమె పోయిన చాలా ఏళ్లకి గానీ లోకానికి తెలియలేదు.

ఆమె ఎలా పోయిందో మన పిల్లలకి చెప్పవలసిన సంగతి. 1949 ఆగస్టు 11 సాయంత్రం భర్తతో కలిసి సినిమాకి వెళుతూ పీచ్‌ట్రీ వీధి దాటుతోంది. నవల రాసిన ఇంటికి అది కొద్ది వీధుల దూరమే. అతివేగంగా వచ్చిన కారు ఆమెను గుద్దేసింది. ఆ కారు నడుపుతున్నవాడు ఆనాడు డ్యూటీలో లేని టాక్సీ డ్రైవరు. తాగి నడిపాడని అతని మీద అభియోగం మోపారు. చివరికి నరహత్య నేరం కింద శిక్ష పడింది. ఆమె ఐదు రోజుల పాటు గ్రేడీ ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉండి ఆగస్టు 16న కన్నుమూసింది. వయసు 48 ఏళ్లు. ఆమె నాయిక పేరుతో గ్లాసులు మాత్రం ఆగలేదు.

ఇక్కడ డాక్టరుగా రెండు మాటలు. విసుక్కోకండి. ఈ దేశపు లెక్కలో ఒక “డ్రింక్” అంటే 14 గ్రాముల అసలు ఆల్కహాలు. 12 ఔన్సుల బీరు, 5 ఔన్సుల వైను, ఒకటిన్నర ఔన్సుల విస్కీ, మూడింట్లోనూ ఉన్నది ఇంచుమించు అంతే. 100 ప్రూఫ్ మద్యం రెండు ఔన్సులు పోస్తే, గ్లాసు ఒకటే అయినా లెక్క ఒకటిన్నర దాటుతుంది. తీపి, పులుపు కలిసి ఘాటుని కప్పేస్తాయి గనుక తాగేవాడికి ఆ లెక్క తెలియదు. మన కాలేయం గంటకి సుమారు ఒక డ్రింకుని మాత్రమే అరిగించగలదు. కాఫీ తాగినా, చన్నీళ్లతో మొహం కడుక్కున్నా ఆ వేగం పెరగదు. మన వీకెండ్ పార్టీల్లో మగవాళ్లు బేస్‌మెంటులో, ఆడవాళ్లు పైన, పిల్లలు వీడియో గేముల దగ్గర ఉంటారు. అర్ధరాత్రి అందరూ ఒకే కారులో ఇంటికి వెళతారు. తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నది పార్టీ మొదలవక ముందే తేలాల్సిన విషయం. అది అడగడం మర్యాద తప్పు కాదు.

మన సాహిత్యం ఈ విషయంలో మొహమాటపడలేదు. విరాటపర్వంలో సుధేష్ణ సైరంధ్రిని కీచకుడి ఇంటికి పంపేది దేని కోసం? మద్యం తెమ్మని. వెళ్లలేనని ద్రౌపది ఎంత వేడుకున్నా వినదు. తిక్కనగారి తెలుగులో ఆ ఘట్టం చదివినవారికి, ఆ పాత్ర మోసుకుంటూ నడిచిన మనిషి అవమానం ముందు కనిపిస్తుంది, అందులో ఉన్న పానీయం కాదు. గురజాడవారు “కన్యాశుల్కం”లో సారా దుకాణం పెట్టి, తాగుబోతుల వేదాంతాన్ని మనకి కడుపుబ్బ నవ్వు వచ్చేలా చూపించారు. ఎవరినీ గొప్పచేయలేదు.

ఇంకొక నాయిక ఉంది. ఆమె పేరు సీతమ్మ. ఏ మహాకవీ ఆమెను సృష్టించలేదు. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో, రాత్రిబడి వాచకంలో ఒక పాఠంలోని ఆడమనిషి. తాగుడు వల్ల చితికిన సంసారం ఆమెది. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లకి అది తమ ఇంటి కథలాగే అనిపించింది. 1992లో రోశమ్మ మొదలైనవారు ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్ల విజయం మళ్లీ “ఆడవాళ్లు ఏకమైతే” అనే పాఠమై మిగతా ఊళ్లకి పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయిన మాట నిజమే. అయినా ఒక కథలోని నాయిక నిజంగా ఒక ప్రభుత్వాన్ని కదిలించిందంటే, ఆ గౌరవం స్కార్లెట్‌కి కూడా దక్కలేదు.

కాబట్టి ఈ ఉగాదికి మా యువజన విభాగం వారికి ఒక సూచన. మన నాయికల పేర్లతో మద్యం లేని పానీయాల పోటీ పెట్టండి. నిబంధనలు రెండే. ఒకటి, పానీయంలో తీపితో పాటు ఆ నాయిక పడ్డ కష్టానికి గుర్తుగా ఒక కారమో చేదో ఉండాలి. రెండు, గ్లాసు చేతికిచ్చే ముందు ఆమె కథ చెప్పాలి. సీతమ్మవారికి పానకం మనవాళ్లు ఎప్పుడో సిద్ధం చేసి పెట్టారు. బెల్లం తీపి ఎంతో మిరియాల ఘాటూ అంతే. శకుంతలకి కొబ్బరినీళ్లు పోసి, అడుగున గుండ్రంగా కోసిన నిమ్మచక్రం వేయండి. పోయిన ఉంగరం తాగడం పూర్తయితే గానీ కనిపించకూడదు. మధురవాణికి అల్లం, పచ్చిమిర్చి దంచి వేసిన చల్లటి మజ్జిగ. చూడటానికి తెల్లగా, సాధువుగా ఉంటుంది. గొంతు దిగాక తెలుస్తుంది ఎవరితో పెట్టుకున్నామో. ద్రౌపదికి ఏం చేయాలో పిల్లలకే వదిలేస్తున్నాను. అది కష్టమైన ప్రశ్న.

1806లో హడ్సన్ సంపాదకుడు చేదు లేనిదే కాక్‌టెయిల్ కాదన్నాడు. మనవాళ్లు అంతకన్నా ముందే, వేపపువ్వు లేనిదే ఉగాది పచ్చడి కాదన్నారు. ఇక్కడ వేపపువ్వు దొరకలేదని మెంతులు వేసేవారున్నారు, పిల్లలు తినరని ఏమీ వేయనివారూ ఉన్నారు. ఈ ఏడాది కొంచెమైనా వేయండి. పిల్లలు మొహం చిట్లిస్తే చిట్లించనీయండి. ఎందుకు వేశారో మాత్రం చెప్పండి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.