లేమి

కలగడం నుంచి కలిమి, లేకపోవడం నుంచి లేమి. సిరిసంపదల లెక్కల్లో పడి ఈ మాట పేదరికానికి మారుపేరైపోయింది గానీ, దాని పుట్టుక అంత ఇరుకైనది కాదు. 'లేదు'లోని 'లే'కి 'మి' చేరింది, అంతే. పాత తెలుగులో చేయమి, రామి అన్నట్టే. జరగనిదానికి, ఉండనిదానికి కూడా పేరు పెట్టగల ప్రత్యయం అది.

జన్యుశాస్త్రవేత్తలు పేర్లు పెట్టే తీరు చూస్తే నాకు ఈ మాటే గుర్తొస్తుంది. జన్యువు పనిని బట్టి కాదు, అది చెడితే వాటిల్లే నష్టాన్ని బట్టి చాలా పేర్లు పుట్టాయి. లెట్-7లో 'లెట్' అంటే లీథల్, ప్రాణాంతకం. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగులో ఈ జన్యువు చెడితే, కొన్ని చర్మకణాలు ఆగవలసిన వేళ ఆగక మళ్లీ విభజనకు దిగుతాయి. ఎదిగే సమయానికి పురుగు ఒళ్లు పగిలి చస్తుంది. ఈ జన్యువు ప్రొటీన్‌ను కాక 21 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏను తయారు చేస్తుందని 2000లో గేరీ రవ్‌కున్ బృందం చూపింది. మనిషిలోనూ అదే ఉందని ఆ ఏడే తేలింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే ఇలాంటి చిన్న ఆర్‌ఎన్‌ఏలను కనుగొన్నందుకు విక్టర్ ఆంబ్రోస్‌తో కలిసి రవ్‌కున్‌కు 2024లో నోబెల్ దక్కింది.

మన ఊపిరితిత్తుల కణంలో లెట్-7 మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆర్గొనాట్ అనే ప్రొటీన్‌లో ఒదిగి, సందేశ ఆర్‌ఎన్‌ఏల తోక భాగంలో తనకు జత కుదిరే అక్షరాలను వెతుక్కుంటుంది. దొరికితే ఆ సందేశం నుంచి తయారయ్యే ప్రొటీన్ తగ్గుతుంది, సందేశమూ త్వరగా నశిస్తుంది. పూర్తిగా ఆపడం కాదిది. పాఠ్యపుస్తకాల 'నియంత్రణ' కన్నా మన 'అదుపు' దీనికి బాగా నప్పుతుంది.

కణాన్ని విభజనకు తరిమే రాస్ జన్యువుల సందేశాల్లో లెట్-7 అతుక్కునే చోట్లు చాలా ఉన్నాయని 2005లో యేల్‌లో ఫ్రాంక్ స్లాక్ బృందం కనుగొంది. లెట్-7 తగ్గిన ఊపిరితిత్తుల కణితుల్లో రాస్ ప్రొటీన్ ఎక్కువగా కనిపించింది. లెట్-7 బాగా తగ్గిన రోగులు శస్త్రచికిత్స తర్వాత తక్కువ కాలం బతికారని అంతకు ముందు ఏడాదే జపాన్ పరిశోధకులు రాశారు. ప్రాణాంతకమన్న పేరు లెట్-7ది కాదు, దాని లేమిది.

ఆ లేమి ఒక్క తీరుగా రాదు. కొన్ని కేన్సర్లలో జన్యువు చెక్కుచెదరదు, ముడి ఆర్‌ఎన్‌ఏ కూడా తయారవుతుంది, కానీ లిన్28 అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని పక్వం కానివ్వదు. ఉండీ లేకపోవడమది. పోనీ, తగ్గినదాన్ని బయటి నుంచి ఇద్దామంటే, మిర్-34 అనే మరో మైక్రో ఆర్‌ఎన్‌ఏతో చేసిన తొలి మానవ ప్రయోగం తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాల వల్ల 2016లో ఆగిపోయింది.