కోడంబాక్కం మూవియోలా నుంచి మన సంఘం కంప్యూటర్ దాకా

తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

మన పెద్దవాళ్ళ జ్ఞాపకాల వీడియో, నలభై నిమిషాలది, ఎక్స్‌పోర్ట్‌కి పెడితే రాత్రంతా నడిచి తెల్లవారుజామున ఆగిపోయింది గుర్తుందా? 2013 నాటి కంప్యూటర్, ఇక లాభం లేదు, కొత్తది కొందాం అన్నవాళ్ళలో నేనే ముందున్నాను. చందా పోగయ్యే లోపల రెండు నెలలు గడిచాయి. ఆ వీడియోలో మాట్లాడిన పెద్దాయన ఒకరు దాన్ని చూడకుండానే వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఈ విషయం నన్ను వదల్లేదు.

మన ఊళ్ళో సినిమావాళ్ళు ఇలాంటి ఇబ్బంది ఎప్పుడో దాటారు. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, తీసిన ఫిల్ము దానికి ఎన్నో రెట్లు. అసలు నెగటివ్ ల్యాబ్‌లోనే భద్రంగా ఉండేది. ఏలూరు దగ్గర పుట్టి ఇక్కడికొచ్చిన ఎల్.వి.ప్రసాద్ గారు 1976లో ల్యాబ్ పెట్టింది ఈ ఊళ్ళోనే. ఎడిటర్ చేతికి వచ్చేది రష్ ప్రింట్. మూవియోలా మీద దాన్నే కోసి, అతికించి, మళ్ళీ ఊడదీసి ఎన్నిసార్లయినా తిప్పుకునేవారు. అంతా కుదిరాక ఒక్కసారే నెగటివ్ మీద కత్తెర పడేది. ప్రసాద్ గారి తమ్ముడు అక్కినేని సంజీవి గారి అబ్బాయి శ్రీకర్ ప్రసాద్ గారు ఆ మూవియోలా రోజులూ చూశారు, తర్వాత వచ్చిన కంప్యూటర్ రోజులూ చూస్తున్నారు.

ఆ కంప్యూటర్ పేరు అవిడ్. అమెరికాలో 1989లో బయటికొచ్చింది. 1994 పొంగల్‌కి వచ్చిన కమల్‌హాసన్ గారి 'మహానది' దానిమీద ఎడిట్ చేసిన మొదటి భారతీయ చిత్రమని చెబుతారు. అప్పటి డిస్కులు చిన్నవి, ధర ఆకాశంలో ఉండేది. అందుకని తేలికపాటి మసక బొమ్మను ఎక్కించి ఎడిట్ చేసి, ఆ లెక్క ప్రకారం నెగటివ్ కోసేవారు. ఇప్పుడు పిల్లలు ప్రాక్సీ అంటున్నది అదే, రష్ ప్రింట్‌కి మనవడు!

ప్రాక్సీ పెడితే ఎడిటింగ్ నత్తనడక తగ్గుతుంది గానీ చివరి ఎక్స్‌పోర్ట్ దానివల్ల తగ్గదు. సెకనుకి 25 ఫ్రేములు, నలభై నిమిషాలకి 60,000. ఒక్కో ఫ్రేములో ఇరవై లక్షల చుక్కలు. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి పక్కపక్క ఫ్రేములను పోల్చి తేడాలు మాత్రమే దాస్తుంది, ఆ పోల్చడానికే ప్రాసెసర్ చెమటలు కక్కుతుంది. ఇంటెల్ వాళ్ళు 2011 నుంచి చాలా ప్రాసెసర్లలో ఈ పనికోసం విడిగా ఒక భాగం పెట్టారు, క్విక్ సింక్ అంటారు. మన దాంట్లోనూ ఉంది, ఇన్నాళ్ళూ ఎవరూ వాడలేదు! ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో 'సాఫ్ట్‌వేర్' అని ఉన్నచోట 'హార్డ్‌వేర్' అని మార్చాను. బొమ్మ నాణ్యత రవ్వంత తగ్గుతుంది, మన టీవీలో నాకైతే తేడా కనబడలేదు. వీడియో మొత్తానికీ వేసిన, మసక తీసే ఎఫెక్ట్ కూడా తీసేసి, చీకటిగా ఉన్న రెండు ముక్కలకే ఉంచాను. రాత్రంతా పట్టినది గంటా పది నిమిషాల్లో అయింది.

ఇంకో సంగతి, ఇది రైల్వేవాడికి సులువుగా అర్థమవుతుంది. మీటర్ గేజ్ రోజుల్లో గుంతకల్లు లాంటి చోట్ల గేజ్ మారితే సరుకంతా దింపి వేరే వ్యాగన్లకి ఎక్కించాలి. గేజ్ ఒకటే అయితే బండి అలాగే పోతుంది. వీడియో కూడా అంతే. ముందూ వెనకా కత్తిరించడమే పనైతే, ఫార్మాట్ మార్చకుండా ఉన్నదున్నట్టు కాపీ చేసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. కోత ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ పడుతుంది, పని మాత్రం క్షణాల్లో అవుతుంది.

పెద్దాయన ఇంటికి పెన్‌డ్రైవ్ నేనే పట్టుకెళ్ళాను. వాళ్ళావిడ గారు రెండుసార్లు పెట్టించుకుని చూశారు. నన్నేమీ అనలేదు.

ఇంకా తొమ్మిది మంది పెద్దవాళ్ళవి తీయాలి. ఫోన్‌తో తీసేవాళ్ళు కెమెరా సెట్టింగుల్లో హెచ్.265 బదులు హెచ్.264 పెట్టి తీయండి, 265 అంటే మన పాత యంత్రం మొరాయిస్తుంది. ఆదివారం పదింటికి హాల్లో ఉంటాను.