ముక్కు నుంచి రక్తం కారడం: కారణాల అన్వేషణ చరిత్ర

ముక్కు లోపలి పొరలోని సన్నని రక్తనాళాలు చిట్లి నెత్తురు బయటికి రావడాన్ని నాసికా రక్తస్రావం అంటారు. వైద్యులు వాడే ఎపిస్టాక్సిస్ అనే పేరు బొట్లు బొట్లుగా కారడమనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. పదిమందిలో ఆరుగురికి జీవితంలో ఒక్కసారైనా ఇది అనుభవమేనని అంచనా. అందులో డాక్టరు దాకా వెళ్లే అవసరం పడేది కొద్దిమందికే. పదేళ్లలోపు పిల్లల్లోనూ, నడివయసు దాటినవారిలోనూ ఎక్కువగా కనిపిస్తుంది.

ఎండాకాలంలో పిల్లవాడి ముక్కున నెత్తురు కనబడితే తెలుగు ఇళ్లలో ముందు వినబడే మాట "వేడి చేసింది" అని. రెండు వేల ఏళ్లపాటు వైద్యశాస్త్రం కూడా ఇంచుమించు అదే అన్నది. కారణం కోసం ఒళ్లంతా గాలించింది. తరచుగా నెత్తురు వచ్చే చోటు ముక్కు రంధ్రం అంచుకు అంగుళంలోపే ఉందని 19వ శతాబ్దం చివర్లో గాని తేలలేదు.

ప్రాచీన భావనలు

ఆయుర్వేదం దీన్ని రక్తపిత్తంలో చేర్చింది. కారం, పులుపు, ఉప్పు మితిమీరి తినడం, ఎండన పడి తిరగడం వంటి వాటివల్ల పిత్తం ప్రకోపించి రక్తాన్ని చెడగొడుతుందని చరక సంహిత చెబుతుంది. ఆ రక్తం పైదారిన ముక్కు, నోరు, కళ్లు, చెవుల నుంచి వెలువడితే నయం చేయవచ్చు. కిందిదారిన పోతే అదుపులో పెట్టగలం. రెండు దారులా పోతే అసాధ్యం. రోగి బలంగా ఉంటే చెడు రక్తాన్ని మొదట్లోనే ఆపవద్దని కూడా చరకుడి మాట. ఆ తర్వాత ద్రాక్షరసం, చెరకురసం, పాలు, గరికరసం వంటివి ముక్కులో వేసే నస్యం చేయాలి. వేడి చేసిందనే మన వాడుకలో ఈ ఆలోచన ఛాయలు నేటికీ కనిపిస్తాయి.

గ్రీకు వైద్యులూ ఈ నెత్తురును ఒళ్లు తనంతట తాను చేసుకునే శుద్ధిగా చూశారు. జ్వరం ముదిరిన దశలో ముక్కు నుంచి ధారాళంగా రక్తం పోతే గండం గడిచినట్టేనని హిప్పోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాలు భావించాయి. క్రీ.శ. 2వ శతాబ్దంలో రోమ్‌లో వైద్యుడు గాలెన్ చూసిన ఒక రోగి కథ ప్రసిద్ధం. జ్వరంతో ఉన్న యువకుడొకడు ఇంటికప్పు మీద ఎర్రని పాము పాకుతోందని, అది మీద పడుతుందని బెదిరి మంచం మీంచి దూకాడు. మిగతా వైద్యులు రక్తనాళం కోసి రక్తం తీద్దామన్నారు. ముక్కు కుడిపక్క ఎరుపెక్కడం గమనించిన గాలెన్ వారిని వారించి, కుడి ముక్కు నుంచి రక్తం రాబోతోందని చెప్పాడు. అలాగే వచ్చింది. అది ఎంతకీ ఆగకపోతే కుడివైపు పక్కటెముకల దిగువన కొమ్ముబుర్ర వంటి పాత్ర పెట్టి ఆపినట్టు ఆయనే రాసుకున్నాడు. ముక్కున కారే నెత్తురుకు కాలేయం దగ్గర చికిత్స చేయడం, రక్తం కాలేయంలోనే తయారవుతుందన్న ఆనాటి అవగాహనకు సరిగ్గా సరిపోయేది.

హూణుల రాజు అట్టిలా 453లో పెళ్లిరాత్రి తప్పతాగి వెల్లకిలా పడుకోగా, ముక్కు రక్తం గొంతులోకి దిగి ఊపిరాడక చనిపోయాడని చరిత్రకారుడు జోర్డానెస్ రాశాడు.

చోటు తేలిన తీరు

19వ శతాబ్దం నడిమి నుంచి చిన్న అద్దాలతో, వాటి మీదికి మళ్లించిన వెలుతురుతో ముక్కు, గొంతు లోపలిభాగాలను చూడడం మొదలైంది. న్యూయార్క్ సర్జన్ జేమ్స్ లిటిల్ 1879లో నలుగురు రోగుల వివరాలు ప్రచురించాడు. నలుగురిలోనూ నెత్తురు వచ్చింది ముక్కు మధ్యగోడ ముందుభాగంలో, ఇంచుమించు ఒకే చోటి నుంచి. 1884లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో విల్‌హెల్మ్ కీసెల్‌బాక్ అదే చోటును వర్ణించాడు. అందుకే దానికి లిటిల్ ప్రాంతమనీ, కీసెల్‌బాక్ వలయమనీ రెండు పేర్లు.

ముక్కుకు రక్తం రెండు వైపుల నుంచి అందుతుంది. కపాలం లోపలికి వెళ్లే ధమని శాఖలు పైనుంచి దిగుతాయి. ముఖానికి వెళ్లే ధమని శాఖలు వెనకనుంచీ, అంగిలి నుంచీ, పైపెదవి నుంచీ వస్తాయి. ఇవన్నీ కలిసి వలలా అల్లుకునేది ఇక్కడే. పైన కప్పిన పొర పలచన, కింద మెత్తని కండ లేదు, పీల్చిన గాలి నేరుగా తగులుతుంది. పొర ఎండి పొక్కు కడుతుంది. పొక్కు గిల్లితే నాళం చిట్లుతుంది. పదింట తొమ్మిది కేసులు ఇలా ముందుభాగానివే. వెనకభాగం నుంచి వచ్చేది అరుదు. ఎక్కువగా పెద్దవయసువారిలో కనిపిస్తుంది, ఆపడం కష్టం.

రక్తంలో, నాళాల్లో లోపాలు

అన్నిటికీ ఆ చోటే కారణం కాదని తర్వాతి పరిశీలనలు చూపాయి. 1896లో ఫ్రాన్స్‌లో రాండ్యూ, 1901లో విలియం ఆస్లర్, 1907లో పార్క్స్ వెబర్ ఒక వంశపారంపర్య వ్యాధిని వర్ణించారు. ఇందులో పెదవుల మీద, నాలుక మీద ఎర్రని చుక్కలుంటాయి, ముక్కు నుంచి పదేపదే నెత్తురు కారుతుంది. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉండే ఈ వ్యాధికి కారణమైన జన్యువుల్లో రెండింటిని 1994, 1996లలో గుర్తించారు.

ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ 1926లో ఓలాండ్ దీవుల్లోని ఒక కుటుంబం గురించి రాశాడు. ఆయన దగ్గరికి వచ్చిన ఐదేళ్ల పాప అక్కచెల్లెళ్లలో నలుగురు అప్పటికే రక్తస్రావంతో చనిపోయారు. హీమోఫీలియా ప్రధానంగా మగవారికి వస్తుంటే, ఇది ఆడవారినీ వదలలేదు. నేడు ఈ జబ్బు ఆయన పేరుతోనే ఉంది.

నేడు గుర్తించిన కారణాలు

వేలు పెట్టి గిల్లుకోవడం, పొడిగాలి, జలుబు, అలర్జీ, దెబ్బలు, వంకర మధ్యగోడ, ముక్కు స్ప్రేల వాడకం, పిల్లలు దూర్చుకునే గింజలు, పూసలు సాధారణ కారణాలు. ఆస్పిరిన్, వార్ఫరిన్ వంటి మందులు, కాలేయ వ్యాధులు, డెంగ్యూలోనూ రక్త క్యాన్సర్‌లోనూ ప్లేట్‌లెట్లు పడిపోవడం రక్తస్రావాన్ని పెంచుతాయి. కౌమారంలోని మగపిల్లల్లో ముక్కు వెనక పెరిగే ఒక రకం నాళాల గడ్డ కూడా కారణం కావచ్చు. దక్షిణ భారతంలో, శ్రీలంకలో చెరువు స్నానాలతో ముడిపడిన రైనోస్పోరిడియోసిస్‌లో ముక్కులో ఎర్రటి పిలకలు పెరిగి నెత్తురు కారుతుంది. చెరువునీటి ద్వారా జలగ ముక్కులో చేరడమూ ఉంది. రక్తపోటు ఉన్నవారిలో నెత్తురు త్వరగా ఆగదు. అయితే రక్తపోటే దాన్ని మొదలుపెడుతుందని గట్టిగా రుజువు కాలేదు.

పొడిగాలి పొరను ఎండబెడుతుంది గనుక, ఎండల్లో నెత్తురు వస్తుందన్న పెద్దల గమనింపులో నిజముంది. వేడి ఒంట్లోది కాదు, గాలిది.

చికిత్స

లిటిల్ చెప్పిన చోటును సిల్వర్ నైట్రేట్‌తో గాని, విద్యుత్తుతో గాని కాల్చడం, ముక్కులో గుడ్డపట్టీలు కూరడం నేటికీ ఉన్న పద్ధతులు. వెనకభాగపు రక్తస్రావానికి 1928లో సైఫర్ట్ దవడ ధమనిని కట్టివేశాడు. 1974లో సోకొలాఫ్ బృందం సన్నని గొట్టం ద్వారా ధమనిని లోపలినుంచే మూసింది.

ఇంటి దగ్గర చేయవలసింది తక్కువే. తల వెనక్కి వాల్చకూడదు. నెత్తురు గొంతులోకి దిగుతుంది. కూర్చుని కాస్త ముందుకు వంగి, నోటితో ఊపిరి తీస్తూ, ముక్కు మెత్తని భాగాన్ని వదలకుండా పది, పదిహేను నిమిషాలు నొక్కి పట్టాలి. అప్పటికీ ఆగకపోయినా, దెబ్బ తగిలి వచ్చినా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా ఆసుపత్రికి వెళ్లాలి. లిటిల్ గుర్తించిన చోటు వేలికి అందేంత దగ్గర్లో ఉంది. అందుకే అక్కడ పుండు చేసేదీ ఎక్కువసార్లు వేలే, నెత్తురు ఆపేదీ వేలే.